అవ్వ పేరు చెరగకుండా సెమ్మె బాగుచేసుకున్న తీరు

మా అవ్వ ఇత్తడి సెమ్మెలు (నూనె దీపాల స్తంభాలు) రెండూ హిందూపురం నుంచి బెంగళూరుకు గోనెసంచిలో వచ్చాయి. ఒకదాన్ని ఇక్కడ పాలిష్ షాపులో ఇచ్చాను. బంగారంలా మెరుస్తూ తిరిగొచ్చింది గానీ, పీఠం మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అవ్వ పేరు మాయం! రెండోది ఊగుతూ, నూనె కారుతూ ఉండేది, దాన్ని బాగుచేసే పని నేనే పట్టుకున్నా. మీరూ ముందు పేరు ఎక్కడుందో వెతికి, ఫోటో తీసి పెట్టుకోండి.

పీఠం, కాడ, నూనె పోసే తట్ట, పైన హంస అన్నీ మరలతో బిగించినవే. మాది ఎంతకీ ఊడలేదు. రెంచీ తీస్తే మా ఆయన "ఇత్తడే, నొక్కులు పడతాయి" అని ఆపేశారు. మరల సందులో డబ్ల్యూడీ-40 (బిగుసుకున్న మరలను వదులుచేసే స్ప్రే) కొట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున బయటి ముక్క మీద మాత్రమే మరిగే నీళ్ళు పోసి (వేడికి అది సాగుతుంది), పాత సైకిల్ ట్యూబు చుట్టి తిప్పితే కదిలింది.

నల్లటి జిడ్డు చింతపండుకు లొంగదు, అది మాడి గట్టిపడిన నూనె. ప్లాస్టిక్ బకెట్లో వేడినీళ్ళు, గుప్పెడు వాషింగ్ సోడా వేసి గంట నానబెట్టండి. మూలలకు టూత్‌బ్రష్, వెదురుపుల్ల. చింతపండు ఆ తర్వాత, అదీ ఐదు నిమిషాలే. పులుపులో ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోని జింకు కరిగి ఎర్రటి రాగి మచ్చలు తేలతాయి. పేరున్న చోట నేను తోమనే లేదు. చుక్కల్లో నలుపు ఉంటేనే అక్షరాలు కనబడతాయి.

ఇక నూనె కారడం. తట్టలో నీళ్ళు పోసి, కింద న్యూస్‌పేపర్ పరిచి చూశా. పగులేమీ లేదు, కాడ దూరే మర అరిగింది. ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు మర తిరిగే వైపే మూడు చుట్లు చుట్టి బిగించా. ఊగడం కూడా దాంతోనే పోయింది. తట్టే పగిలి ఉంటే మాత్రం ఎంసీల్ పూయకండి. ఇక్కడ ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే మామూలు సోల్డరింగ్ తీగా దాదాపు 190 డిగ్రీలకే కరుగుతుంది, వత్తి పక్కన నిలవదు. కంచరి దగ్గర ఇత్తడి అతుకు వేయించడమే దారి, పాలిష్ వద్దని ముందే చెప్పి.

వెలిగించేముందు డబ్ల్యూడీ-40 తడి మిగలకుండా సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి, దానికి నిప్పు అంటుకుంటుంది. శుక్రవారం నువ్వులనూనె పోసి వెలిగించాం. శనివారం పొద్దున పేపరు పొడిగానే ఉంది.