ఏఐకి క్రియేటివిటీ ఉందా లేదా అని వాదించుకునే ముందు ఇవి చూడండి

ఏఐ గీసిన బొమ్మ కూడా కళేనా అని ఒకరు మొదలుపెడతారు, అది పచ్చి దొంగతనం అని ఇంకొకరు అంటారు, కెమెరా వచ్చినప్పుడు కూడా ఇలాగే ఏడ్చారులే అని మూడో మనిషి తగులుకుంటాడు, ఇక ఎంతసేపు మాట్లాడుకున్నా ఎవరూ ఉన్నచోటు నుంచి కదలరు. ముగ్గురూ మాట్లాడేది మూడు వేరు వేరు విషయాలు మరి. అందుకని ముందు ప్రశ్నని విడగొట్టండి. మనం తేల్చాలనుకునేది తయారైన బొమ్మ గురించా, దాన్ని తయారుచేసింది ఎవరు అన్నదాని గురించా, తయారీకి వాడిన సరుకు గురించా? బొమ్మ బాగుండొచ్చు, లోపల ఏదీ అనుభవించే ప్రాణి లేకపోవచ్చు, సరుకు ఎవరినీ అడక్కుండా తెచ్చింది కావచ్చు. మూడూ ఒకేసారి నిజమవ్వొచ్చు, ఒకటి తేలినంత మాత్రాన మిగతా రెండూ తేలవు.

కెమెరా పోలిక ఎలాగూ వస్తుంది కాబట్టి దానికి రెడీగా ఉండండి. 1839లో డాగెర్ కనిపెట్టిన ఫోటో తీసే పద్ధతి లోకానికి తెలిసింది, 1859లో ఫ్రెంచ్ కవి బోదలేర్ ఫోటోగ్రఫీ అంటే చేతకాని చిత్రకారులు తలదాచుకునే చోటు అన్నట్టు తిట్టిపోశాడు, ఇదంతా నిజమే. కానీ కెమెరా తన ముందున్న చెట్టునో మనిషినో పట్టుకుంటుంది, వేరేవాళ్ళు గీసిన బొమ్మలు చూసి నేర్చుకోలేదు. మాటల్లో చెబితే బొమ్మ గీసిచ్చే స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఏఐకి ట్రైనింగ్ ఇచ్చింది లాయన్-5బి అనే డేటాలో కొంత భాగంతో, ఆ మొత్తం డేటాలో 500 కోట్లకు పైగా బొమ్మల లింకులు, వాటి పక్కన మాటలు ఉన్నాయి, అందులో బోలెడు బొమ్మలు బతికున్న ఆర్టిస్టులవే. అంటే కొత్తదంటే భయం అన్నంతవరకే ఆ పోలిక పనికొస్తుంది, సరుకు విషయంలో అసలు పనికిరాదు. ఇంత తేడా పట్టుకుంటే చాలు, సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

మెషిన్‌కి కొత్తది ఏదీ పుట్టించడం చేతకాదు అనేవాళ్ళూ ఉంటారు. ఈ మాట పాతదే, 1843లోనే ఇంగ్లండ్ గణిత రచయిత్రి ఏడా లవ్‌లేస్ ఎనలిటికల్ ఇంజిన్ అనే తొలి తరం కంప్యూటర్ డిజైన్ గురించి ఇదే రాసింది, 1950లో కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన ట్యూరింగ్ దానికి జవాబు చెబుతూ మెషిన్లు తనని తరచూ ఆశ్చర్యపరుస్తూనే ఉంటాయి అన్నాడు. ఇక్కడ గాల్లో మాట్లాడకుండా ఒక ఉదాహరణ పట్టుకుని కూర్చోండి. నేనైతే 2016 మార్చిలో ఆల్ఫాగో అనే ఏఐ ప్రోగ్రామ్, కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్ ఆడిన గో (నల్ల, తెల్ల రాళ్ళతో ఆడే బోర్డు ఆట) మ్యాచ్ తీసుకుంటాను. రెండో గేమ్‌లో ఆల్ఫాగో 37వ ఎత్తు వేస్తే కామెంటరీ చెప్పే ప్రొఫెషనల్ ఆటగాళ్ళు పొరపాటేమో అనుకున్నారు. మనిషైతే ఆ ఎత్తు వేసే అవకాశం 10,000లో 1 అని ఆల్ఫాగో లెక్కే చెప్పింది, అయినా వేసింది, గెలిచింది. ఇది కొత్తది కాదు అనడానికి నాకు నోరు రాదు. మళ్ళీ నాలుగో గేమ్‌లో లీ 78వ ఎత్తుతో దాన్ని తికమకపెట్టి ఆ ఒక్క గేమూ గెలిచాడు, అప్పటికే మూడు ఓడిపోయి ఉన్నాడు, ప్రపంచమంతా చూస్తోంది. ఎత్తుల కొత్తదనం వరకు చూస్తే రెండూ రెండే, కానీ ఒకటి వేసినవాడికి ఓటమి అంటే ఏంటో తెలుసు, రెండోదానికి ఆ ఊసే లేదు. ఈ తేడా ముఖ్యమా కాదా అన్నదే అసలు వాదన, అక్కడ మాట్లాడుకోండి.

చాట్ చేసే ఏఐ గురించి, అది నన్ను అర్థం చేసుకుంది అని ఎవరైనా అంటే దయచేసి నవ్వకండి. 1966లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో వైజెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఎలైజా అనే చిన్న ప్రోగ్రామ్ గురించి పేపర్ రాశాడు, మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప అది పెద్దగా చేసేదేమీ లేదు. దాని తయారీ అంతా దగ్గరుండి చూసిన ఆయన సెక్రటరీయే దాంతో మాట్లాడుతూ కాసేపటికి ఆయన్ని గదిలోంచి బయటికి వెళ్ళమందట. మన మనసు అలాంటిది, తిరిగి మాట్లాడేదానిలో మనిషిని చూసేస్తుంది. కాబట్టి అది కచ్చితంగా ఏమంది, ఏ మాట తగిలింది అని అడగండి. ఏఐ చేసేది తర్వాత వచ్చే పదం ఊహించడమేగా అని కొట్టిపారేసేవాళ్ళని కూడా వదలకండి, ఎలా పనిచేస్తుందో చెప్పినంత మాత్రాన లోపల ఏముందో తేలిపోదు.

కోర్టు తీర్పులు తెస్తే అవి కాపీరైట్ వరకే. అమెరికాలో తన ఏఐ గీసిన బొమ్మకి కాపీరైట్ కావాలని అడిగిన థాలర్ కేసులో 2023లోనూ, అప్పీలులో 2025లోనూ మనిషి రచయితగా ఉండాలనే అన్నారు, దాంతో కళ అంటే ఏంటో తేలలేదు.

చివరగా వాదనని ఏదో ఒక నిర్ణయం దాకా తీసుకెళ్ళండి. 2023లో అమెరికాలో సినిమా, టీవీ రైటర్లు 148 రోజులు సమ్మె చేసి తెచ్చుకున్న ఒప్పందంలో ఏఐకి క్రియేటివిటీ ఉందా అన్నది ఎవరూ తేల్చలేదు, ఏఐ వాడమని రైటర్‌ని బలవంతపెట్టకూడదు, చేతికిచ్చే మెటీరియల్ ఏఐ రాసిందైతే ఆ సంగతి చెప్పాలి, ఇలాంటివి రాసుకున్నారు. మీ ముందున్న పని ఏదైనా, కథ కానివ్వండి పోస్టర్ కానివ్వండి, దాని మీద ఎవరి పేరు వేయాలి, డబ్బు ఎవరికి చేరాలి, తప్పు దొర్లితే ఎవరు జవాబు చెప్పాలి, వద్దనే హక్కు ఎవరిది అని నాలుగు ప్రశ్నలు కాగితం మీద పెట్టి ఒక్కోదానికి ఒప్పుకున్నది పక్కనే రాసుకుంటూ పోండి, ఒప్పుకోనిది ఖాళీగా వదిలేయండి, మళ్ళీ కలిసినప్పుడు ఆ ఖాళీల దగ్గర నుంచి మొదలుపెట్టొచ్చు.