దాణాలో పొడి కలిపే ముందు పశువును చూడండి

పాలలో వెన్న శాతం పడిపోగానే చాలామంది చేసే మొదటి పని, ఎవరో చెప్పిన పొడి ప్యాకెట్ తెచ్చి దాణాలో కలిపేయడం. అలా చేయకండి. ముందు పశువుల దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. మేసి తీరిగ్గా పడుకున్న ఆవుల్లో సగానికి పైగా నెమరు వేస్తుండాలి. అది కనిపించకపోగా పేడ పల్చగా, నురగతో, అరగని గింజలతో పడుతుంటే దాణా ఎక్కువై గడ్డి తక్కువైందేమో అని మొదట అనుమానించాలి. పొట్టలో గడ్డి పీచు పులిసినప్పుడు పుట్టే అసిటిక్ ఆమ్లమే పాల వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు, కాబట్టి పీచు తగ్గితే వెన్నా తగ్గుతుంది. పెద్ద పాడి ఆవుకి రోజుకి 150 నుంచి 200 గ్రాముల దాకా తినే సోడా ఇవ్వడం మామూలే, పొట్టలో పులుపును అది కొంత తగ్గిస్తుంది కూడా, కానీ గడ్డి పెంచకుండా సోడా మీదే ఆధారపడితే సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

పశువు మట్టి నాకుతోందా, తాళ్లూ గుడ్డలూ నములుతోందా? భాస్వరం, ఉప్పు లాంటివి చాలడం లేదేమో చూసుకోండి. ఇక్కడ మినరల్ మిక్చర్, అంటే ఖనిజ లవణాల పొడి, నిజంగా అక్కరకొస్తుంది.

అయితే ప్యాకెట్ మీద ఏ జంతువు పేరుందో దానికే పెట్టండి, ఈ విషయంలో మాత్రం దయచేసి సర్దుకుపోకండి. ఆవుల కోసం చేసిన మిక్చర్‌లో ఉండే రాగి గొర్రెలకు విషమవుతుంది. నెలల తరబడి కాలేయంలో పేరుకుపోతుంది, బయటికి ఏమీ తెలియదు, ఒకరోజు ఉన్నట్టుండి కళ్లు పచ్చబడి, మూత్రం ఎర్రగా మారి గొర్రె చచ్చిపోతుంది. దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు కూడా అంతే, ఆవులూ బ్రాయిలర్ కోళ్లూ తట్టుకునే మోతాదు గుర్రం ప్రాణం తీసేస్తుంది. మాంసకృత్తుల కోసం దాణాలో కలిపే యూరియా నెమరు వేసే పెద్ద పశువులకే, అదీ మొత్తం మేత పొడి బరువులో 1 శాతం దాటకుండా, కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ ఇవ్వాలి. దూడలకు వద్దు, నీళ్లలో కలిపి తాగించొద్దు.

బూజు పట్టిన దాణా విషయంలో టాక్సిన్ బైండర్ (విషాన్ని పట్టి ఉంచే పొడి) ఉంది కదా అని ధైర్యం చేయకండి. బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ బి1 అనే విషం, దాన్ని తిన్న ఆవు పాలలోకి ఒకట్రెండు రోజుల్లోనే ఎం1 అనే మరో రూపంలో వచ్చేస్తుంది, పాలు మరిగించినా అది పోదు. బైండర్ కొంత పట్టి ఉంచుతుందే తప్ప బూజు దాణాను మంచి దాణాగా మార్చలేదు, అలాంటిది పారేయాల్సిందే.

గుడ్ల సంగతికొస్తే, పచ్చసొన ముదురు రంగు చూసి మోసపోవద్దు. దాణాలో బంతిపూల పొడి కలిపితే ఆ రంగు వస్తుంది, అంతమాత్రాన పోషకాలు పెరిగాయని కాదు. అవిసె గింజలు పెడితే మాత్రం గుడ్డులో ఒమేగా-3 నిజంగానే పెరుగుతుంది. పెంకు పల్చబడితే ముతక పలుకుల సున్నపురాయి సాయంత్రం వేయండి. ఒక్కో పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూటే.

కలిపే పద్ధతిలోనే చాలామంది దెబ్బతింటారు. గుప్పెడు పొడిని క్వింటాల్ దాణా మీద చల్లి పారతో నాలుగుసార్లు తిప్పితే కలవదు, ఒక పశువుకి ఏమీ అందదు, పక్కదానికి నాలుగింతలు పడుతుంది. ముందు కిలో దాణాలో బాగా కలిపి, దాన్ని పది కిలోల్లో, ఆ తర్వాత మొత్తంలో కలపండి. ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టి, మూడు వారాల పాటు పాలు, వెన్న, పేడ ఎలా ఉన్నాయో రాసుకోండి. రెండు పొడులు ఒకేసారి వేస్తే ఏది పనిచేసిందో తేలదు.

ఇక యాంటీబయాటిక్. బరువు పెరగడానికి దాన్ని దాణాలో వాడటాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపేసింది, మీరూ వాడకండి. జబ్బుకి డాక్టర్ రాసిస్తే లేబుల్ మీద ఉన్నన్ని రోజులు పాలు, గుడ్లు, మాంసం అమ్మకూడదు, ఆ తేదీని గోడ మీద రాసి పెట్టుకోండి. మందు దాణా కలిపిన తొట్టిని, పారను కడిగి ఆరబెట్టాకే మామూలు దాణా పోయండి, అడుగున మిగిలిన పొడి చాలు, మందే వేయని ఆవు పాలలో కూడా ఆనవాళ్లు కనిపించడానికి.