పెన్సిల్ పట్టుకుని థ్రిల్లర్ చదవడం ఎలా

తెనాలిలో మా బాబాయికి అద్దె పుస్తకాల షాపు ఉండేది. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్తే కౌంటర్లో నేను కూర్చునేదాన్ని. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, మధుబాబు గారి షాడో, అందరూ అట్టలు ఊడిపోయి, దారంతో కుట్టించుకుని అలమరలో ఉండేవాళ్లు. ఆ పుస్తకాలకి ఒక తెగులు ఉండేది. ఎవరో మహానుభావుడు మొదటి పేజీలోనే పెన్సిల్‌తో "చంపింది మేనేజరు" అని రాసి తిరిగిచ్చేవాడు. బాబాయి నా చేతికి రబ్బరు ఇచ్చి, వెనక్కి వచ్చిన ప్రతి పుస్తకం మొదటి పేజీ చూడమనేవాడు. చెరిపే పని నాదే కాబట్టి ఎవరు చంపారో నాకు ముందే తెలిసిపోయేది. అయినా చదివేదాన్ని. కొన్ని పుస్తకాలు పేరు తెలిశాక కూడా కూర్చున్నచోటి నుంచి లేవనిచ్చేవి కావు. కొన్ని పది పేజీలు కూడా నడిచేవి కావు. ఇప్పుడు కొత్త థ్రిల్లర్ల మీద సమీక్షలు రాస్తున్నప్పుడు కూడా నా చేతిలో ఉన్న కొలబద్ద అదే.

ఉద్యోగరీత్యా కోర్టులో స్టెనోని. నాలుగేళ్లుగా తెలుగులో వస్తున్న సస్పెన్స్ నవలలు, అనువాదాలు చదివి రాస్తున్నాను. ఎలా రాస్తారండీ అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు అడిగారు. నేను చేసేది చెప్తాను. నచ్చింది తీసుకోండి.

ముందుగా, వెనక అట్ట చదవొద్దు. ముందుమాటలు అసలే వద్దు. మన పుస్తకాలకి ముందుమాటలు ఒకటితో సరిపోవు కదా, రచయిత స్నేహితులు ముగ్గురు నలుగురు వరసగా రాస్తారు. వాళ్లలో ఒకరైనా అభిమానం పట్టలేక కథ మొత్తం చెప్పేస్తారు. అవన్నీ నవల అయ్యాక చదువుకోండి, అప్పుడు సరదాగా ఉంటాయి.

తర్వాత పెన్సిల్. పెన్ను వద్దు, పుస్తకం ఇంకొకరికి ఇవ్వాలి. చదువుతూ నేను రెండు రకాల గుర్తులు పెడతాను. మొదటిది నా ఒంటి సంగతి. ఒక నవలలో 88వ పేజీ పక్కన "కుక్కర్ నాలుగు విజిల్స్, లేవలేదు" అని ఉంది. అదే నవలలో 140 దగ్గర "వాట్సాప్ చూశాను" అని ఉంది. సమీక్షలో "మధ్యలో కాస్త నెమ్మదించింది" అని అందరూ రాస్తారు. ఎక్కడ నెమ్మదించిందో, ఎందుకో చెప్పాలంటే ఆ 140 కావాలి. వెనక్కి వెళ్లి చూస్తే అక్కడ ఇన్‌స్పెక్టరు అప్పటిదాకా జరిగిందంతా ఎస్పీకి మళ్లీ చెప్తున్నాడు. ఎస్పీకి తెలియకపోవచ్చు, నాకు తెలుసు కదా.

చాప్టర్ చివర్లు కూడా గుర్తుపెట్టండి. వారపత్రికల్లో సీరియల్స్ వచ్చిన రోజుల్లో ప్రతి వారం ఒక చోట ఊపిరి బిగబట్టించి ఆపాలి. ఆ అలవాటు మన థ్రిల్లర్లకి ఇంకా పోలేదు, పోనక్కర్లేదు కూడా. కానీ చాప్టర్ చివర అర్ధరాత్రి తలుపు చప్పుడై, తర్వాతి చాప్టర్లో తలుపు తీస్తే పక్కింటాయన అగ్గిపెట్టె కోసం వచ్చాడనుకోండి. ఒకసారి పర్వాలేదు. మూడోసారి కూడా పక్కింటాయనే వస్తే సమీక్షలో రాయాల్సిందే.

రెండో గుర్తు నా ఊహ. నవల సగానికి వచ్చాక పుస్తకం మూసి, ఒక చీటీ మీద ఎవరు, ఎందుకు, ఎలా అని మూడు ముక్కలు రాసి, తేదీ, పేజీ నంబరు వేసి చివర్లో పెట్టేస్తాను. ఇది మాత్రం తప్పకుండా చేయండి. ముగింపు తెలిశాక మనసు ఎంత అబద్ధమాడుతుందంటే, "నేను ముందే కనిపెట్టాను" అని మనకే ఒట్టేసి చెప్తుంది. చీటీ తీసి చూస్తే అందులో ఇంకెవరి పేరో ఉంటుంది. నా చీటీలు ఎక్కువగా తప్పే. తప్పైనందుకు సిగ్గేం లేదు. ఎక్కడ తప్పుదారి పట్టానో అక్కడే రచయిత పనితనం ఉంటుంది. నన్ను న్యాయంగా పక్కదారి పట్టించాడా, విషయం దాచి మోసం చేశాడా అన్నది తేల్చుకోవాలి.

ఈ న్యాయం గొడవ పాతదే. 1926లో అగాథా క్రిస్టీ ఒక నవల రాసింది. అందులో ఆవిడ చేసిన పని న్యాయమా కాదా అని ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఏం చేసిందో చెప్పను, చదవనివాళ్లు ఉంటారు. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు ఫాదరీ, తనూ డిటెక్టివ్ నవలలు రాసినవాడే, పది నియమాలు రాశాడు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికి కూడా వెంటనే చూపించాలన్నది అందులో ఒకటి. ముందుగా సూచన లేకుండా కవలల్ని దించకూడదన్నది ఇంకొకటి. మన సినిమా వాళ్లెవరూ ఆయన్ని చదివినట్టు లేరు.

అందుకని నవల అయ్యాక గుర్తు పెట్టుకున్న పేజీలకి మళ్లీ వెళ్లండి. మొత్తం చదవక్కర్లేదు. చంపినవాళ్లు ఉన్న సీన్లు చాలు. విషయం తెలిశాక ఆ మాటలకి రెండో అర్థం పలకాలి. "ఆ రోజు నేను ఊళ్లో లేను" అన్నది పచ్చి అబద్ధమైతే అది మామూలు నవల. "ఆ రోజు నన్ను ఊళ్లో ఎవరూ చూడలేదు" అని ఉండి, మనమే ఊళ్లో లేడనుకుని ఉంటే, ఆ రచయితకి దణ్ణం పెట్టాలి.

అన్ని నవలల్నీ ఒకే తక్కెడలో తూచకూడదు. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్, ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో మాట్లాడుతూ చెప్పిన బాంబు ఉదాహరణ ఉంది. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. హఠాత్తుగా బల్లకింద బాంబు పేలితే పదిహేను సెకన్ల ఆశ్చర్యం. బాంబు ఉందని ముందే చూపించి, ఆ కబుర్లే కొనసాగిస్తే పదిహేను నిమిషాల టెన్షన్. రెండోది సస్పెన్స్. జపాన్ రచయిత కీగో హిగషినో 2005లో రాసిన ఒక నవలలో ఎవరు చంపారో మొదట్లోనే చూపించేస్తాడు, అయినా చివరిదాకా కూర్చోబెడతాడు. అలాంటి పుస్తకం మీద "ఎవరు చంపారో ముందే తెలిసిపోయింది" అని ఫిర్యాదు రాస్తే, ఇడ్లీలో ఉల్లిపాయలు లేవన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు తెలుగుకే ఉన్న ఒక చిక్కు. నాకు చాలా ఇష్టమైన చిక్కు కూడా. మన క్రియాపదం నోరు ఊరుకోదు. "వచ్చాడు" అంటే మగ, "వచ్చింది" అంటే ఆడ. చంపినవాళ్లెవరో దాచాలంటే రచయిత ఏం చేయాలి? కొందరు "ఆ ఆకారం గోడ దూకింది" అంటారు. మన భాషలో ఆడవాళ్లకీ వస్తువులకీ ఒకటే క్రియ కాబట్టి అది బాగానే దాక్కుంటుంది. కొందరు "వచ్చారు" అని మర్యాద ముసుగు వేస్తారు. తెలివైనవాళ్లు ఆ చాప్టర్లని "నేను" అంటూ రాస్తారు. "నేను కత్తి తీశాను" అన్న మాటలో ఆడా లేదు, మగా లేదు. చదివేటప్పుడు ఈ క్రియల కింద గీత గీసుకోండి. ఒక నవలలో రచయిత రెండొందల పేజీలు "ఆ ఆకారం" అని జాగ్రత్తపడి, ఒక్కచోట "మెట్లు దిగాడు" అనేశాడు. ప్రూఫు చూసినవాళ్లకీ కనపడలేదు. అనుమానితుల్లోంచి ఆడవాళ్లందరి పేర్లూ అక్కడే కొట్టేసి మిగిలిన పేజీలు తిప్పాను.

అనువాదాల్లో ఇది ఇంకా ముదురుతుంది. ఇంగ్లీషులో "కజిన్" అన్న ఒక్క మాటతో ఆడో మగో, అమ్మ వైపో నాన్న వైపో ఏదీ చెప్పకుండా యాభై పేజీలు నడపొచ్చు. తెలుగు చేసేవాళ్లు బావ అనాలి, వదిన అనాలి, పెదనాన్న కొడుకు అనాలి. ఏదన్నా గుట్టు సగం బయటపడుతుంది. అనువాదం బాగుందా అని చూసేటప్పుడు, దీన్ని ఎలా దాటారన్నది నేను మొదట వెతుకుతాను. "కజిన్" అనే వదిలేస్తే నేను తప్పు పట్టను. ఇళ్లలో అందరూ అంటున్న మాటే.

నేను దెబ్బతిన్నది కూడా ఇక్కడే. ఎప్పుడూ నా సమీక్షల్లో "హంతకుడు" అనే రాసేదాన్ని. ఒక నవలలో చంపింది ఆడమనిషి. "హంతకుడు" అంటే అబద్ధం, "హంతకురాలు" అంటే గుట్టు రట్టు. చాలా తెలివిగా "చంపినవాళ్లు" అని రాశాననుకున్నాను. మర్నాడు పొద్దున్నే మా వదిన ఫోను. "ఏవమ్మా, ఎప్పుడూ హంతకుడు అనేదానివి, ఇవాళ చంపినవాళ్లు అన్నావంటే ఆడదేగా?" అంది. అప్పటి నుంచి ఎవరు చంపినా నా రాతల్లో "చంపినవాళ్లు" అనే ఉంటుంది. మీరు మొదటి సమీక్ష నుంచే ఆ అలవాటు చేసుకోండి, మధ్యలో మార్చకండి.

కోర్టు సంగతులు. పోలీసు కథలన్నిటిలోనూ నాకు తప్పులు కనిపిస్తాయి, ఏం చేయను, రోజంతా అవే టైపు చేస్తాను. 2025లో జరిగిన హత్యకి ఎస్సై "302 కేసు పెట్టండి" అంటాడు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకి సెక్షన్ 103. కానీ తప్పు పట్టబోయే ముందు కథలో నేరం జరిగిన తేదీ చూడండి. ఆ తేదీకి ముందు జరిగిన హత్యకి ఇప్పటికీ 302యే. ముక్కు మీద గుడ్డ పెట్టగానే క్లోరోఫామ్‌తో మనిషి కుప్పకూలడం, రివాల్వర్‌కి సైలెన్సర్ బిగించడం కూడా ఈ కోవవే. క్లోరోఫామ్‌కి నిమిషాలు పడుతుంది. రివాల్వర్‌లో చప్పుడు సిలిండర్ పక్క సందులోంచి కూడా వస్తుంది కాబట్టి గొట్టానికి ఏం బిగించినా పెద్దగా లాభం లేదు.

మొదట్లో ఇవన్నీ ఏరి ఏరి ఒక సమీక్ష నిండా పెట్టాను. మా ఆఫీసులో పెద్దాయన చదివి, "ఇది సమీక్షా, ఛార్జిషీటా అమ్మా?" అన్నారు. ఆయన అన్నది నిజమే. కథ దేనిమీద నిలబడిందో ఆ తప్పే రాయాలి, మిగతావి వదిలేయొచ్చు. ఒక నవల చివర్లో నేరస్తుడు స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ ముందు మొత్తం ఒప్పుకుంటాడు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, అయిపోయింది. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 25, కొత్త దాంట్లో 23. ఇంకే ఆధారం లేదు కాబట్టి ఆ మనిషి విడుదలై ఇంటికి వెళ్లిపోతాడు. అతను చెప్పిన చోట తవ్వితే కత్తి దొరికిందని ఒక్క పేరా రాసి ఉంటే, అంతమేరకు ఆ మాట నిలబడేది. దీన్ని రాయాలి, ఎందుకంటే ముగింపే కూలిపోయింది. సెక్షన్ నంబరు తప్పితే కథ కూలదు.

ఇక రాయడం. కథ ఎంతవరకు చెప్పాలి అంటే, నేను పుస్తకంలో మొదటి ఐదోవంతు దాటను. 240 పేజీల నవలైతే 48వ పేజీ దగ్గర నోరు మూసుకుంటాను. రెండో హత్య 60వ పేజీలో జరిగితే, రెండో హత్య ఉందని కూడా చెప్పను. "చివరి మలుపు ఊహించలేరు" అని రాయకండి. మలుపు ఉందని తెలిసినవాడు మలుపు కోసమే చూస్తూ కూర్చుంటాడు, ఇక దాన్ని దాచి ఏం లాభం? లండన్‌లో 1952 నుంచి ఆడుతున్న ఒక హత్య నాటకంలో, ఆట అయ్యాక నటులే ముందుకొచ్చి ముగింపు బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని అడుగుతారట. మనల్ని అలా అడిగేవాళ్లు లేరు కాబట్టి మనమే జాగ్రత్తపడాలి.

పాత్రల పేర్లతో ఇంకో ప్రమాదం. మూడొందల మాటల సమీక్షలో చిన్న పాత్రని పేరుపెట్టి పొగిడితే, అంత చిన్న పాత్రకి ఇంత చోటెందుకు ఇచ్చిందబ్బా అని చదివేవాళ్లకి అనుమానం వస్తుంది. నేను పరిశోధన చేసే పాత్ర పేరు, చనిపోయినవాళ్ల పేరు రాస్తాను, అంతే. మిగిలినవాళ్లు డాక్టరు, మేనమామ, వాచ్‌మన్.

నచ్చలేదని రాయడానికి భయపడకండి. కాకపోతే పేజీ నంబరు చూపించి రాయండి. అప్పుడు రచయితకి కోపం వచ్చినా, పుస్తకం తెరిచి చూసుకోక తప్పదు.

రాసింది బయట పెట్టేముందు మా ఆయనకి ఇస్తాను. ఆయన నవలలు చదవరు, క్రికెట్ చూస్తారు. చదివించి, "ఎవరు చంపి ఉంటారు?" అని అడుగుతాను. తప్పు చెప్తే పంపించేస్తాను. కిందటి నెల ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "డాక్టరు" అన్నారు. సరిగ్గా అతనే. ఎలా చెప్పారంటే, "ఇంట్లో అందరి గురించీ రెండేసి ముక్కలు రాశావు, ఆ డాక్టర్ని మాత్రం ఎక్కడా తిట్టలేదు, పొగడలేదు" అన్నారు. ఆ రాత్రి కూర్చుని డాక్టరు చేతిరాత బాగోలేదని ఒక వాక్యం కలిపాను.