ఊబి కొండల మీద పరుగుకు పోయే ముందు

"దమ్ము చేసిన మడిలో పుట్టి పెరిగినవాణ్ణన్నా, బురద నన్నేం చేస్తుంది?" అన్నాడు ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో చదువుకుంటున్న ఓ కుర్రాడు. వచ్చే చలికాలంలో ఆ ఊరికి దగ్గర్లోని డార్క్ పీక్ కొండల మీద ఫెల్ రేసుకి, అంటే రోడ్డు లేని కొండల మీద పరుగు పందేనికి, పేరిచ్చాడట. హైదరాబాద్‌లో రెండు హాఫ్ మారథాన్లు చేసిన ధీమా అది. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ అలాగే అనుకుని, ఒక బూటు అక్కడే వదిలేసి వచ్చాను. అందుకే ఇది రాస్తున్నాను, వాడికీ, వాడిలాంటి మిగతావాళ్ళకీ.

మన మడిలో పిక్కల దాకా దిగితే కాలికి గట్టి నేల తగులుతుంది. ఏటా దమ్ము చేసి తొక్కి తొక్కి బిగిసిన అడుగు అది. డార్క్ పీక్‌లోని కిండర్ స్కౌట్, బ్లీక్లో కొండల మీద ఆ అడుగు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అక్కడిది పీట్, అంటే వేల ఏళ్ళుగా నాచూ వేళ్ళూ నీళ్ళలో సగం కుళ్ళి పేరుకున్న నల్లటి మెత్తటి మన్ను. కొన్నిచోట్ల దాని లోతు రెండు మీటర్లు దాటుతుంది. వానలు దాన్ని కోసి మనిషి ఎత్తు కాలువలు చేశాయి. వాటిని 'గ్రఫ్' అంటారు. ఒకదాంట్లోకి దిగి ఎక్కేసరికి ఎటు చూస్తూ దిగామో మర్చిపోతాం.

అడుగు వేసే ముందు నేల రంగు చూడండి. మెరిసే లేతాకుపచ్చ నాచు తివాచీలా పరుచుకుని ఉంటే దాని కింద నీళ్ళే. ముదురు రంగు హెదర్ పొదలున్న చోటు కాస్త పొడి. రెల్లులాంటి గడ్డి దుబ్బులు తడి చోటే పెరుగుతాయి కానీ, దుబ్బు మొదట్లో కాలేస్తే చాలాసార్లు ఆగుతుంది. ముందువాడు నడుందాకా దిగబడితే నవ్వుకోవచ్చు, వాడి వెనకే పోకండి. మీరు దిగబడితే కాలు ఒక్కసారిగా గుంజొద్దు, బూటు లోపలే ఉండిపోతుంది. ఒళ్ళు ముందుకో వెనక్కో వాల్చి, బరువు చేతుల మీద పరిచి, కాలు అటూ ఇటూ కదిలిస్తూ మెల్లగా తీయాలి. బూట్లకు లోతైన రబ్బరు పళ్ళుండాలి, రోడ్డు బూట్లు అక్కడ సబ్బు బిళ్ళలు. లేసు రెండు ముళ్ళు వేయండి.

ఇంతా చేసి బురద చంపదు. చంపేది చలి, అదీ మీరు ఆగాక. పరిగెత్తేటప్పుడు ఒళ్ళు పొయ్యిలా ఉంటుంది, పల్చటి చొక్కా చాలనిపిస్తుంది. చీలమండ మడతపడి నడక మొదలైందా, ఆ పొయ్యి నిమిషాల్లో ఆరిపోతుంది. తడిబట్ట, ఎదురుగాలి, తగ్గిన వేగం, మూడూ కలిస్తే ఇంకా త్వరగా. కిండర్ ఎత్తు 636 మీటర్లే, మన అరకు లోయ కన్నా తక్కువ. ఆ అంకె చూసి మోసపోకండి. కింద ఎడేల్ ఊళ్ళో 8 డిగ్రీలుంటే పైన 5 ఉండొచ్చు, గాలికి అది సున్నాకి దిగువన ఉన్నట్టు కోస్తుంది.

అందుకే నిర్వాహకులు మోయమనే సామాను పరిగెత్తడానికి కాదు, ఆగిపోయినప్పటికి. కుట్ల మీద టేపు వేసిన, టోపీ కలిసి ఉన్న వాన కోటు, వాన ప్యాంటు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు, మ్యాపు, దిక్సూచి, విజిల్, అత్యవసరానికి తిండి. ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ పోటీల్లో మామూలుగా అడిగేవి ఇవే. గాలి ఆపే ప్లాస్టిక్ సర్వైవల్ సంచీ నా సొంత చేర్పు. నూలు బనియను మాత్రం వద్దు, తడిస్తే ఆరదు. వాన కోటు వణుకు మొదలయ్యాక కాదు, గాలి మారగానే వేసుకోవాలి, వేళ్ళు కొయ్యబారితే జిప్పు లాగలేరు. తిండీ అంతే, ఆకలేసేదాకా ఆగొద్దు. చిక్కీ చలికి రాయవుతుంది, నేను ఖర్జూరాలు పెట్టుకుంటాను.

పక్కవాడి మాట ముద్దగా వస్తున్నా, కారణం లేకుండా విసుక్కుంటున్నా, కాళ్ళు తడబడుతున్నా ఒంటి వేడి పడిపోతోందని అర్థం. వణుకు ఆగిపోతే కుదుటపడ్డాడనుకోవద్దు, ముదిరింది. గాలి తగలని చోట సంచీలోకి దూర్చి, పొడిబట్ట కప్పి, మింగగలిగితే తీపి పెట్టండి. చేతులూ కాళ్ళూ రుద్దొద్దు. బ్రాందీ అసలే వద్దు. మీ పందెం అక్కడితో అయిపోయినట్టే, వాడితో ఉండండి.

దారి గుర్తులుంటాయని ఆశపడకండి, చాలా పోటీల్లో చెక్‌పాయింట్లు తప్ప ఇంకేం ఉండవు. కొన్నింట్లో జీపీఎస్ చూసుకోవడం కూడా నిషేధం. ఫోను తెర తడివేళ్ళకు పలకదు, చలికి బ్యాటరీ జారిపోతుంది. ఒక ఎండ పూట మ్యాపూ దిక్సూచీ పట్టుకుని ఆ కొండ మీదికే వెళ్ళి, ఒక గ్రఫ్‌లోకి దిగి, అనుకున్న చోట పైకి తేలగలరేమో చూసుకోండి. తేలలేకపోతే ఈ ఏడు పోటీ వద్దు. పొగమంచు కమ్మితే ఇంకా కష్టం. 1948 నవంబరులో మబ్బులో దారి కానక ఒక అమెరికన్ బీ-29 విమానం బ్లీక్లోకి గుద్దుకుంది, అందులోని 13 మందీ చనిపోయారు. దాని ముక్కలు ఇప్పటికీ అక్కడే పడున్నాయి.

పోటీ ఎంపికలో ఆశ తగ్గించుకోండి. పేరు పక్కన 'ఏ' ఉంటే సగటున కిలోమీటరుకి కనీసం 50 మీటర్ల ఎక్కుడు, 'ఎల్' ఉంటే 20 కిలోమీటర్లు, ఆపైన. మొదటిసారికి ఎక్కుడు తక్కువుండే 'బీ' లేదా 'సీ', పొట్టి దూరం చాలు. డిసెంబరులో నాలుగింటికల్లా పొద్దు గూకుతుంది, తలకు పెట్టుకునే లైటు మర్చిపోవద్దు.

ఆపదలో విజిల్ నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి. సిగ్నలుంటే అక్కడి అత్యవసర నంబరు 999కి చేసి, మొదట పోలీసుల్ని, తర్వాత కొండల మీద చిక్కుకున్నవాళ్ళని కాపాడే మౌంటెన్ రెస్క్యూని అడగాలి. మాట అందని చోట మెసేజి పోవచ్చు, దానికి ముందే ఇంటి దగ్గర 999కి ఇంగ్లీషులో 'రిజిస్టర్' అని మెసేజి పంపి మీ ఫోను నమోదు చేసుకోండి.

మధ్యలో మానేస్తే సిగ్గుపడి చెప్పకుండా ఇంటికి పోవద్దు. ముగింపు దగ్గర మీ నంబరు లెక్కకు రాకపోతే జీతం లేని వాలంటీర్లు రాత్రంతా కొండ మీద మీ కోసం టార్చీలతో తిరుగుతారు, మీరేమో ఇంట్లో రసం అన్నం తింటుంటారు. దార్లో కనపడ్డ మార్షల్‌కి, అంటే పోటీ తరఫున కాపలా ఉన్న మనిషికి, చెప్పండి, చెప్పాక కూడా ముగింపు గుడారానికి వెళ్ళి నంబరు అప్పగించండి.

కారులో పొడిబట్టలు, ఫ్లాస్కులో టీ పెట్టుకోండి. తాళం మాత్రం మొద్దుబారిన వేళ్ళతో తీయగలిగే జేబులో ఉండాలి. ఒకసారి నా కారు తలుపు తీసిపెట్టింది ముక్కూమొహం తెలియని ఒక పెద్దావిడ. నాకన్నా ఇరవై నిమిషాల ముందే పందెం ముగించి, బట్టలు కూడా మార్చుకుందావిడ.