బండి మరమ్మతు నేర్చుకుందాం – 5వ పాఠం: నీళ్లు తాగే బ్రేకు ఆయిల్

పోయిన పాఠంలో బ్రేకు ప్యాడ్ మందం కొలిచాం. ఈసారి ఆ ప్యాడ్‌ను నొక్కే ద్రవం సంగతి చూద్దాం. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా అందుతుందనే పాస్కల్ సూత్రాన్ని ఆటోమొబైల్ చదివే విద్యార్థులు పరీక్షలో తడుముకోకుండా రాస్తారు. ఆ సూత్రంతో పనిచేసే బ్రేకు ఆయిల్ డబ్బాను బానెట్ ఎత్తి చూపమంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. నాకు ఇది బాధగా ఉంటుంది. అందులోనూ తిరుపతిలో చదివేవారికి ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు. ఎదురుగా కొండ ఉంది.

1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీదుగా ఇప్పుడు వాహనాలు దిగుతాయి. నోటుపుస్తకం తీయండి. మనుషులతో కలిపి 1200 కిలోల కారు 700 మీటర్ల ఎత్తు దిగిందనుకుందాం. 1200ను 9.8తోను, 700తోను గుణిస్తే దాదాపు 82 లక్షల జౌళ్లు. 28 లీటర్ల మామూలు నీళ్లను మరిగించేంత వేడి అది! గాలి, టైర్లు కొంత మోస్తాయి. మిగిలినది ఇంజన్, బ్రేకులు పంచుకోవాలి. గేరు తీసేసి న్యూట్రల్‌లో దిగితే ఇంజన్ తన వాటా వదిలేస్తుంది. ఆ భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

మా పక్కింటివారికి ఇదే జరిగింది. అలిపిరి ఇంకా కొంచెం దూరం ఉందనగా పెడల్ మెత్తబడి అడుగుకు దిగిపోయింది. మొదటి గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగి ఆపారు. హ్యాండ్ బ్రేకుకు తీగ ఉంటుంది, ఆయిల్‌తో పని లేదు కాబట్టి బతికిపోయారు. గంట తర్వాత నేను వెళ్లి తొక్కి చూస్తే పెడల్ గట్టిగానే ఉంది. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు.

కారణం తేమ. బ్రేకు ఆయిల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేకు ఆయిల్ రకాలు. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. నాలుగు శాతం లోపు నీరు చేరినా ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3కి అవే అంకెలు 205, 140. వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మీ కాలి బలమంతా బుడగలను నొక్కడానికే సరిపోతుంది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, పెడల్ గట్టిపడుతుంది. అందుకే ‘ఇప్పుడు బాగానే ఉందిగా’ అన్న మాట నమ్మకండి.

ఇక చేతిపని. డబ్బా మూతను, చుట్టుపక్కలను ముందు గుడ్డతో తుడవండి, తర్వాతే తెరవండి. రంగు చూసి నీటి శాతం తేల్చలేం, టెస్టర్ పెన్ను ముంచాల్సిందే. మట్టం తగ్గితే వెంటనే పోయకండి, ప్యాడ్‌లు అరిగినా మట్టం దిగుతుంది. మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే, కొత్త సీసాలోంచే వాడండి. బండి పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేదంటే రంగు ఊడుతుంది. బండి పుస్తకంలో గడువు వేరుగా లేకపోతే రెండేళ్లకోసారి మార్చాలి.

వచ్చే పాఠంలో పాత ఆయిల్ తీసి, గాలి లేకుండా కొత్తది నింపుదాం. పెడల్ తొక్కడానికి ఒక మనిషిని, మూరెడు పారదర్శక గొట్టాన్ని, ఖాళీ సీసాను సిద్ధం చేసుకోండి.