పాత సింథ్ ప్యాచ్‌ల భద్రత – 3వ పాఠం: మొదటి డంప్

పోయిన పాఠంలో సింథ్‌కీ (సింథసైజర్, అంటే శబ్దాలు పుట్టించే ఎలక్ట్రానిక్ కీబోర్డ్) కంప్యూటర్‌కీ మధ్య మిడి (వాద్యాలూ కంప్యూటర్లూ సందేశాలు పంపుకునే పద్ధతి) కేబుళ్లు రెండూ తగిలించాం. సింథ్ అవుట్ నుంచి, కంప్యూటర్‌కి తగిలించిన మిడి ఇంటర్‌ఫేస్ ఇన్‌కి ఒకటి, ఇంటర్‌ఫేస్ అవుట్ నుంచి సింథ్ ఇన్‌కి మరొకటి. కీ నొక్కగానే, ప్యాచ్‌లను (ఒక్కో శబ్దం అమరికలను) కంప్యూటర్‌లో దాచే లైబ్రేరియన్ సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి తెలుస్తోందని కూడా చూసుకున్నాం. ఇక ఇంటర్నెట్‌లో దొరికే వేల ప్యాచ్‌లు ఎక్కించి వాయించాలని మీకు ఆత్రంగా ఉంటుంది. కానీ ఈ పాఠం అయ్యేదాకా సింథ్‌కి ఏమీ పంపకండి. ఇవాళ మనం చేసేది లోపల ఉన్నదాన్ని బయటికి తెచ్చుకోవడం మాత్రమే. దీన్నే డంప్ అంటాం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. వేరొకరు వాడి అమ్మిన డీఎక్స్7 అనే సింథ్ ఒకటి నేను కొన్న రోజే, సరదాగా దానికి ఒక బ్యాంక్ (32 ప్యాచ్‌ల కట్ట) పంపేశాను. ఆ సింథ్‌లో పాత యజమాని చేసుకున్న 32 ప్యాచ్‌లు ఉండేవి. కొత్తవి వాటి మీదే పడి అవన్నీ పోయాయి. వాటిలో గంట మోగినట్టుండే శబ్దం ఒకటి, చివర్లో సన్నగా వణుకుతూ ఆగిపోయేది, ఇప్పటికీ నా చెవిలో ఉంది. దాన్ని మళ్లీ చేయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. రాలేదు. ఆ మనిషి ఎన్ని రాత్రులు కూర్చుని చేశాడో నాకు తెలియదు. దాన్ని తుడిచేయడానికి నాకు రెండు సెకన్లు కూడా పట్టలేదు.

పాఠాలకు డీఎక్స్7నే తీసుకుంటున్నాను. 1983లో వచ్చిన ఈ యమహా సింథ్ డేటా అమరిక చాలా శుభ్రంగా ఉంటుంది. ఇది అర్థమైతే మిగతావి పట్టుబడతాయి. దీని జ్ఞాపకమంతా లోపలి చిన్న లిథియం బ్యాటరీ మీదే నిలుస్తుంది. అది ఆరిపోయిందంటే ప్యాచ్‌లన్నీ పోయినట్టే. కాబట్టి బ్యాటరీ మార్చే పని ఉన్నా ఈ పాఠమే ముందు.

ఫంక్షన్ బటన్ నొక్కి, తర్వాత 8వ బటన్‌ని ఒక్కో నొక్కుగా నొక్కుతూ వెళ్లండి. మొదట మిడి ఛానల్ వస్తుంది. దాన్ని 1లోనే ఉంచండి, ఈ మోడల్ పంపేది ఎప్పుడూ 1లోనే. తర్వాత ‘సిస్ ఇన్ఫో’ అని వస్తుంది, అది ‘అవైల్’లో ఉండాలి. ‘అనవైల్’లో ఉంటే ఎస్ (YES) బటన్ నొక్కి మార్చండి. ఇంకోసారి 8 నొక్కితే మిడి ట్రాన్స్‌మిట్ చేయాలా అని అడుగుతుంది. ఇక్కడ తొందరపడకండి. ముందు సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ లేదా రిసీవ్ నొక్కి, అది ఎదురుచూస్తోందని చూసుకున్నాకే సింథ్ మీద ఎస్ నొక్కండి.

మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక్కో బైట్‌లోని 8 బిట్లకు ముందు ఒకటి, వెనక ఒకటి కలిపి 10 బిట్లు పడతాయి కాబట్టి సెకనుకు 3,125 బైట్లు వెళ్తాయి. అంటే 32 ప్యాచ్‌ల 4,104 బైట్లు రావడానికి సుమారు 1.3 సెకన్లు చాలు. ఫైల్ వచ్చేసింది కదా అని అక్కడితో లేచిపోకండి. అసలు పాఠం ఇప్పుడే మొదలవుతుంది.

ఫైల్ సైజు చూడండి. సరిగ్గా 4,104 బైట్లు ఉండాలి. ఒక్కటి తగ్గినా, ఒక్కటి పెరిగినా ఆ డంప్‌ని నమ్మకండి. ఈ అంకె ఎలా వచ్చిందో చేత్తో లెక్కవేసి చూస్తే ఇక మరచిపోరు. మొదట 6 బైట్ల శీర్షిక ఉంటుంది: ఎఫ్0, 43, 00, 09, 20, 00. ఇవి హెక్సాడెసిమల్ (పదికి బదులు పదహారు ఆధారంగా రాసే) అంకెలు. ఎఫ్0 అంటే సిస్‌ఎక్స్ సందేశం (ఒక్కో కంపెనీ తన పరికరాల కోసం వాడుకునే మిడి సందేశం) మొదలు. 43 యమహా గుర్తు. రోలాండ్‌కి 41, కోర్గ్‌కి 42. 00 అంటే ఛానల్ 1. 09 అంటే 32 ప్యాచ్‌ల బ్యాంక్. చివరి రెండూ పరిమాణం చెబుతాయి: హెక్స్ 20 అంటే మన 32, దాన్ని 128తో హెచ్చిస్తే 4,096. ఒక్కో ప్యాచ్ 128 బైట్లు కాబట్టి లెక్క కుదిరింది. డేటా తర్వాత చెక్‌సమ్ ఒక బైట్, ముగింపుకి ఎఫ్7 ఒక బైట్. మొత్తం 4,104.

సైజు సరిపోయినా లోపల ఒక బైట్ మారిపోయి ఉండొచ్చు. దాన్ని పట్టుకోవడానికే చెక్‌సమ్. 4,096 డేటా బైట్లనీ కూడి, దానికి చెక్‌సమ్ కలిపితే వచ్చే మొత్తం 128తో నిశ్శేషంగా భాగింపబడాలి. మంచి లైబ్రేరియన్ ఈ లెక్క తానే చూసుకుని, తేడా ఉంటే చెబుతుంది. అయినా నేను నమ్మే పరీక్ష ఇంకా సులువైనది: డంప్ రెండుసార్లు తీసి, రెండు ఫైళ్లనూ పోల్చడం. అచ్చు గుద్దినట్టు ఒకటేగా ఉంటే మీ దారి బాగుంది. తేడా వస్తే చాలాసార్లు తప్పు ఇంటర్‌ఫేస్‌ది. చవక యూఎస్‌బీ–మిడి కేబుళ్లు కొన్ని నోట్లను చక్కగా పంపుతాయి గానీ, పొడవాటి సిస్‌ఎక్స్ సందేశం వచ్చేసరికి మధ్యలో బైట్లు జారవిడుస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని మార్చినా ఆ తప్పు పోదు. కేబుల్ మార్చండి.

ఒక సంగతి చాలామంది గమనించరు. డీఎక్స్7లో పిచ్ బెండ్ పరిధి (చక్రం తిప్పితే స్వరం ఎంత జారాలి), మాడ్యులేషన్ వీల్ అమరిక (ఇంకో చక్రం శబ్దాన్ని ఎంత మార్చాలి), పోర్టమెంటో (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుడు) వంటివి ప్యాచ్‌లో భాగం కావు. అవి ఈ డంప్‌లో రావు. డంప్ సరిగ్గానే ఉండి, తిరిగి ఎక్కించాక శబ్దం ‘మునుపటిలా లేదే’ అనిపిస్తే మొదట అనుమానించాల్సింది వీటినే. ఆ విలువలు ఒక కాగితం మీద రాసి, ఫోటో తీసి, డంప్ ఫైల్ పక్కనే దాచండి.

మీ దగ్గర వేరే సింథ్ ఉంటే ఈ రెండు మాటలు. రోలాండ్ జూనో-106లో మొత్తం బ్యాంక్ డంప్ లేదు. వెనక ఉన్న మిడి స్విచ్ మూడో స్థానంలో పెట్టి ప్యాచ్‌లు ఒక్కొక్కటే మారుస్తూ పోతే, ఒక్కోదానికి ఒక్కో చిన్న సందేశం వస్తుంది. ఓపికగా 128 సార్లు నొక్కాలి. రోలాండ్ డి-50లో హ్యాండ్‌షేక్ పద్ధతి ఎంచుకుంటే రెండు కేబుళ్లూ తప్పనిసరి, ఎందుకంటే అవతలివైపు నుంచి జవాబు రానిదే అది ముందుకు కదలదు.

వచ్చే పాఠానికి ముందు ఇంత చేయండి. రెండు డంపులు తీసి పోల్చండి. ఫైల్ పేరులో సింథ్ పేరు, తేదీ పెట్టండి. ‘కొత్తది’, ‘చివరిది’ వంటి పేర్లు నెల తిరిగేసరికి అర్థం కావు. ఆ ఫైల్‌ని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి. తర్వాత లైబ్రేరియన్‌లో తెరిచి 32 పేర్లనూ చదవండి. ఒక్కో పేరుకి 10 అక్షరాల చోటు ఉంటుంది, అది 128 బైట్లలో చివరి పది. అంటే శబ్దం మొదటి 118 బైట్లలోనే ఉంది. పేర్లు వేరై శబ్దం ఒకటే అయిన ప్యాచ్‌లను ఏరడానికి 4వ పాఠంలో మనకు పనికొచ్చేది ఈ 118 అంకే.