డేటాబేస్ నేర్చుకోవడానికి పుస్తకం ఎలా ఎంచుకోవాలి?

నల్లగొండలో డిగ్రీ అయిపోయిన పిల్లలు క్లాక్ టవర్ దగ్గర కనబడితే నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, డేటాబేస్ నేర్చుకోవాలె. ఏ పుస్తకం కొనమంటవ్?" ఇదివరకు పేరు చెప్పేవాణ్ణి. ఆరు నెలలకు మళ్లీ కలిస్తే పుస్తకం రెండో చాప్టర్ దగ్గరే ఆగి ఉండేది. అది పిల్లల బద్ధకం కాదు. నేను చెప్పిన పుస్తకం ఒక వెర్షన్‌ది, వాళ్లు మెషిన్‌లో ఎక్కించుకున్నది ఇంకో వెర్షన్. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొడితే తెరమీద ఎర్రర్ వస్తుంది, తప్పు తమదేననుకుని మూసేస్తారు. అందుకే పేర్లు చెప్పడం మానేశాను. పుస్తకాన్ని పరీక్షించే పద్ధతి చెప్తున్నాను.

ముందు తేల్చుకోవలసినవి

ప్రోగ్రామింగా, అడ్మినిస్ట్రేషనా? క్వెరీలు (డేటాను అడిగే ప్రశ్నలు), ప్రొసీజర్లు (దాచిపెట్టి పిలిచే ప్రోగ్రాములు), ట్రిగ్గర్లు (డేటా మారగానే వాటంతటవే నడిచేవి) రాయడం ఒక పని, అది ప్రోగ్రామింగ్. ఇన్‌స్టాల్ చేయడం, యూజర్లను పెట్టడం, బ్యాకప్, రికవరీ, ట్యూనింగ్ (వేగం పెంచడం) ఇంకో పని, అది అడ్మినిస్ట్రేషన్, చేసేవాళ్లను డీబీఏ అంటారు. రెండూ ఒకే పుస్తకంలో నేర్పిస్తామనేవి కొనకండి, రెండూ సగం సగమే ఉంటాయి. ప్రోగ్రామింగ్ పుస్తకమే ముందు. కనీసం మూడు నెలలు క్వెరీలు రాయకుండా డీబీఏ పుస్తకం తెరవొద్దు.

డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో ఇక్కడ మూడింటి మాటే చెప్తాను: పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్. సొంతంగా నేర్చుకునేవాళ్లు పోస్ట్‌గ్రెస్‌తో మొదలుపెట్టండి. లైసెన్స్ గొడవ లేదు, దాని మాన్యువల్ మొత్తం ఉచితం. ఒరాకిల్ ఉద్యోగమే లక్ష్యమైతే ఒరాకిల్ ఉచిత ఎడిషన్ దించుకోండి. కాలేజీ ల్యాబ్‌లో మైఎస్‌క్యూఎల్ ఉంటే అదే సరి. మూడూ ఒకేసారి వద్దు.

కావలసినవి: 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్. హైలైటర్ వద్దు. రంగు పూసిన పేజీ చదివేసినట్టే అనిపిస్తుంది. అంచున పెన్సిల్‌తో ప్రశ్న రాసుకుంటే ఆ ప్రశ్న మళ్లీ పిలుస్తుంది.

పుస్తకం కొనకముందే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోండి. వెర్షన్ ఎంతో అడిగి, ఆ అంకెను చీటీమీద రాసి జేబులో పెట్టుకోండి. అది లేకుండా దుకాణానికి పోతే బస్సు చార్జీ దండగ.

పాత పుస్తకం ఎక్కడ పనికొస్తుంది

మన దగ్గర్నుంచి హైదరాబాద్ పోయి ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగితే పాత పుస్తకాలు దొరికే కోఠి దగ్గరే. ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. చవక కదా అని అన్నీ సంచిలో వేసుకోకండి. సిద్ధాంతం పుస్తకం పాతదైనా పనికొస్తుంది. డేటాను టేబుళ్లుగా చూసే రిలేషనల్ మోడల్‌ను ఎడ్గర్ కాడ్ అనే శాస్త్రవేత్త 1970లో ప్రతిపాదించాడు, క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్‌కు మొదటి ప్రమాణం 1986లో వచ్చింది. కీలు (ప్రతి వరసనూ గుర్తుపట్టే గడులు), నార్మలైజేషన్ (ఒకే సమాచారం రెండుచోట్ల పడకుండా టేబుళ్లను విడదీయడం), జాయిన్‌లు (టేబుళ్లను కలిపి చదవడం) అప్పుడెట్లున్నాయో ఇప్పుడూ దాదాపు అట్లనే ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందటి పుస్తకంలోని నార్మలైజేషన్ చాప్టర్ ఈరోజు చదివినా నష్టం లేదు.

ఎస్‌క్యూఎల్ పుస్తకానికి మాత్రం ఒక హద్దు పెట్టుకోండి. విండో ఫంక్షన్ల (వరసలను గుంపులుగా చూసి ర్యాంకు, మొత్తం లాంటివి ఇచ్చేవి) మీద చాప్టర్ లేకపోతే అక్కడే పెట్టేయండి. అవి 2003 ప్రమాణంలోనే చేరాయి, మైఎస్‌క్యూఎల్‌కు 2018లో 8.0తో వచ్చాయి. వరి కొనుగోళ్లలో మండలంవారీగా ఎక్కువ అమ్మిన మొదటి ముగ్గురు రైతులను తీయమంటే, అవి తెలిసినవాడు నాలుగు లైన్లలో రాస్తాడు. తెలియనివాడు పేజీ నింపుతాడు.

అడ్మినిస్ట్రేషన్ పుస్తకం పాతది కొనొద్దు. ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

అసలు కష్టం: దుకాణంలో అరగంట

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పుస్తకం లావు చూస్తారు, అట్ట చూస్తారు, విషయసూచికలో అన్ని పేర్లూ ఉన్నాయని కొనేస్తారు. విషయసూచికలో పేరు రాయడానికి ఖర్చేం లేదు. లోపల చూడాల్సినవి మూడున్నాయి. తొందరపడకుండా, నిలబడే చదవండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు నమూనా పేజీల్లో ఇవి కనబడకపోతే కొనొద్దు.

మొదటిది వెర్షన్. అట్టమీద ముద్రణ సంవత్సరం చూసి మోసపోకండి. అది మళ్లీ అచ్చేసిన ఏడాది కావచ్చు. లోపల యూజర్‌ను క్రియేట్ చేసే పేజీ తీయండి, అక్కడ వయసు బయటపడుతుంది. ఒరాకిల్ 12సీ అనే వెర్షన్ నుంచి డేటాబేస్ లోపల డేటాబేస్‌లు పెట్టే కంటైనర్ పద్ధతి వచ్చింది. దానికి ముందటి 11జీ కాలం పుస్తకంలో చెప్పినట్టు నేరుగా యూజర్‌ను క్రియేట్ చేస్తే, రూట్ కంటైనర్‌లో (అన్నిటికీ పైనుండే దాంట్లో) ఉన్న మీకు ఓరా-65096 అనే ఎర్రర్ వస్తుంది. పుస్తకంలో కంటైనర్, ప్లగబుల్ (లోపలి డేటాబేస్‌కు పేరు) అన్న మాటలే లేకపోతే అది మీ మెషిన్‌కు రాసిన పుస్తకం కాదు. మైఎస్‌క్యూఎల్‌లో అనుమతులిచ్చే గ్రాంట్ కమాండ్‌తోనే పాస్‌వర్డ్ ఇచ్చి యూజర్‌ను పుట్టించే అలవాటు 8.0లో తీసేశారు. పుస్తకం ఇంకా అదే చూపిస్తుంటే పెట్టేయండి.

రెండోది నల్ పరీక్ష. ప్రోగ్రామింగ్ పుస్తకాల్లో ఎంప్, డెప్ట్ అనే రెండు పాత టేబుళ్లు తరచు కనిపిస్తాయి, 14 మంది ఉద్యోగులు, 4 డిపార్ట్‌మెంట్లు. కింగ్ అనే ఉద్యోగికి మేనేజర్ లేడు, ఆ గడి నల్, అంటే అక్కడ విలువ లేదు. ఇప్పుడు "ఎవరికీ మేనేజర్ కానివాళ్లు ఎవరు?" అని, మేనేజర్ నంబర్ల జాబితాలో నాట్ ఇన్ (జాబితాలో లేనివి తీసే మాట)తో వెతికితే, ఎనిమిది మంది రావాలి. ఒక్కరూ రారు. ఆ ఒక్క నల్ మొత్తం జవాబును మింగేస్తుంది. మంచి పుస్తకం ఇది చూపిస్తుంది, ఎందుకో చెప్తుంది, నాట్ ఎగ్జిస్ట్స్‌తో ఎట్ల తప్పించుకోవాలో రాస్తుంది. నల్ గురించి "ఖాళీ విలువ" అని ఒక్క లైనుతో సరిపెట్టిన పుస్తకం రాసినవాళ్లు దాంతో పని చేసినట్టు లేదు.

అదే చేత్తో డేటాటైప్ చాప్టర్ కూడా చూడండి, మనకిది ముఖ్యం. "నల్లగొండ" అని తెలుగులో రాస్తే యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకు నంబర్లిచ్చే పద్ధతి)లో 8 సంకేతాలు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 24. ఒరాకిల్‌లో వార్‌చార్2 (20) అని అక్షరాల గడి పెడితే మామూలుగా అది 20 బైట్లు. మన జిల్లా పేరే అందులో పట్టదు. బైటుకూ క్యారెక్టర్‌కూ తేడా చెప్పని పుస్తకంతో తెలుగు పేర్లు దాచే సాఫ్ట్‌వేర్ రాయలేరు.

మూడోది రికవరీ. డీబీఏ పుస్తకమైతే తప్పక చూడాల్సింది ఇదే. బ్యాకప్ చాప్టర్ చూడకండి, బ్యాకప్ కమాండ్లు ఎవరైనా రాస్తారు. రికవరీ చాప్టర్ తీసి ఒక ప్రశ్న అడగండి: రాత్రి పదికి డంప్ (డేటా అంతా ఒక ఫైల్లోకి తీసిన నకలు) తీశారు, మర్నాడు సాయంత్రం నాలుగుకు డిస్క్ పోయింది. ఆ 18 గంటల ఎంట్రీలు ఎట్ల వస్తాయి? డంప్ ఒక్కటే ఉంటే రావు. జరిగిన ప్రతి మార్పూ రాసిపెట్టే లాగ్‌లు దాచి ఉంచితేనే వస్తాయి: ఒరాకిల్‌లో ఆర్కైవ్ లాగ్ మోడ్‌లో దాచే లాగ్‌లు, పోస్ట్‌గ్రెస్‌లో వాల్ ఫైళ్లు, మైఎస్‌క్యూఎల్‌లో బైనరీ లాగ్. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌లలో ఆ లాగ్‌లు డంప్ మీద పనిచేయవు, డేటా ఫైళ్ల బ్యాకప్ మీదే పనిచేస్తాయి. ఎక్స్‌పోర్ట్ (డంప్) వేరు, బ్యాకప్ వేరు అని పుస్తకం గట్టిగా చెప్పాలి. 11:20కి ఎవరో పొరపాటున టేబుల్ డిలీట్ చేస్తే 11:19 నాటి స్థితికి తేవడం అడుగు అడుగుగా చూపించాలి. మధ్యలో వచ్చే ఎర్రర్లు కూడా అచ్చువేసి ఉండాలి. అన్నీ నున్నగా జరిగినట్టు చూపించే రికవరీ చాప్టర్‌ను నమ్మకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో సర్వర్ డిస్క్ పోయింది. బయట లారీలు వరుస కట్టాయి, కాంటా లెక్కలన్నీ అందులోనే. అక్కడి కుర్రాడు బ్యాకప్ సరిగ్గానే తీసిపెట్టాడు, వాల్ ఫైళ్లు వేరే డిస్క్‌లో ఉన్నాయి. సర్వర్ పోస్ట్‌గ్రెస్ 13, అతని దగ్గరున్న పుస్తకం 9వ సిరీస్‌ది. అందులో ఉన్నట్టు రికవరీ డాట్ కాన్ఫ్ అనే ఫైలు రాసి స్టార్ట్ చేశాడు. 2019లో వచ్చిన 12 నుంచి ఆ ఫైలు పద్ధతే లేదు. అది కనబడితే సర్వర్ లేవనే లేవదు. బ్యాకప్పే చెడిపోయిందనుకుని దాన్ని తుడిచి కొత్తగా మొదలుపెట్టబోతుండగా ఫోన్ చేశాడు. ఆ సెట్టింగులు మామూలు కాన్ఫిగరేషన్ ఫైల్లోకి మార్చి, రికవరీ డాట్ సిగ్నల్ అనే ఖాళీ ఫైలు పెట్టించాను. లెక్కలన్నీ తిరిగొచ్చాయి. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే రైతుల తూకాలు పోయేవి. ఆ కుర్రాడు తెలివైనవాడు, కష్టపడేవాడు. అతనికి దొరికిన పుస్తకం తప్పు.

జిరాక్స్ మెటీరియల్ గురించి

హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల జిరాక్స్ నోట్స్ చాలు కదా అంటారు. చాలవు. అవి క్లాసులో కూర్చుని సార్ మాట విన్నవాళ్లకు గుర్తు చేసేవి. విననివాళ్లకు కమాండ్ల జాబితా. ఎందుకు అన్న మాట వాటిల్లో ఉండదు, ఎర్రర్ వచ్చినరోజు కావాల్సింది అదే. ఇంటర్వ్యూ ప్రశ్నల పుస్తకాలూ అంతే, చివరి వారంలో చూసుకోవచ్చు. పీడీఎఫ్‌కు బదులు అచ్చు పుస్తకమే కొనండి. ఒకే తెరమీద క్వెరీ రాస్తూ పాఠం చదివితే చూపు రెండువైపులా చెదిరిపోతుంది.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లీషు పుస్తకానికి భయపడొద్దు. మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదవండి. తెలియని మాటలు పది దాటితే ఆ పుస్తకం పక్కన పెట్టి చిన్న వాక్యాలున్నది వెతకండి. కమిట్, రోల్‌బ్యాక్, లాక్ లాంటి మాటలను ఆ లెక్కలో వేయకండి, తెలుగులోకి మార్చుకోవాలనీ చూడకండి. కాంటా ఎంట్రీ పడి రైతు ఖాతాలో డబ్బు పడకపోతే మొత్తం వెనక్కి తీయాలి, అది రోల్‌బ్యాక్. ఇట్ల మన పనితో కలిపి గుర్తుంచుకోండి.

కొన్నాక

ఒక్కటే కొనండి. మొదటి పుస్తకం 600 పేజీలు దాటకూడదు. రోజుకు ఎన్ని పేజీలని లెక్క పెట్టుకోకండి, ప్రతి ఉదాహరణనూ చేత్తో టైప్ చేయండి. డీబీఏ పుస్తకమైతే ఇన్‌స్టాల్ చాప్టర్ అయిన వెంటనే రికవరీకి దూకండి. ల్యాప్‌టాప్‌లో ఒక ఉత్తుత్తి డేటాబేస్ పెట్టి, లాగ్‌లు వేరే ఫోల్డర్‌లో దాచే ఏర్పాటు చేసుకుని, బ్యాకప్ తీసి, వంద ఎంట్రీలు కొట్టి, వాటి లాగ్‌లు కూడా అక్కడికి చేరాక డేటా ఫోల్డర్ మీ చేత్తోనే డిలీట్ చేయండి. తర్వాత పుస్తకం తెరిచి వెనక్కి తెండి. ఆ వందా లెక్కపెట్టుకోండి, 99 వస్తే మళ్లీ మొదట్నుంచి చేయండి.